ఇంటి ఆయవ్యయములు: పునాదికి ఎంత పట్టును?



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత మన మెల్లరము ఎఱిగినదే. పెండ్లి ఖర్చు కంటికి కనబడును. వచ్చిన బంధువులు, వండిన వంటలు, పెట్టిన చీరలు అందఱును చూతురు. ఇంటి ఖర్చులో మొదటి భాగ మట్లు కాదు. అది మట్టి క్రిందకు పోయి అచ్చటనే యుండును. గోడ రంగు బాగుండలేదని ఇరుగుపొరుగువారు వెంటనే చెప్పుదురు. పునాదిలో సిమెంటు తక్కువ పడినదని చెప్పువా రెవ్వరును ఉండరు. ఆ మాటను కొన్ని యేండ్ల తరువాత గోడలోని పగులు చెప్పును. అప్పటికి చేయగలిగినది స్వల్పము.

ధనము విషయములోను ఈ భాగమే కష్టమైనది. స్వంతముగ కట్టుకొను ఇంటికి బ్యాంకులు అప్పును ఒక్కమాఱుగ నీయక, పని సాగిన కొలది విడతలుగ నిచ్చుట పరిపాటి. తెలంగాణములో 2024వ సంవత్సరమున ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకములో స్త్రీల పేరిట మంజూరగు ఇంటికి 5 లక్షల రూపాయల సాయము నాలుగు విడతలుగ నిచ్చు నేర్పాటు చేసిరి. అందు మొదటి లక్ష బేస్‌మెంటు పూర్తియైన పిదపనే వచ్చును. అనగా పునాది త్రవ్విన నాటినుండి బేస్‌మెంటు నిలిచిన నాటివఱకు ఖర్చంతయు మొదట మన చేతినుండియే పోవలెను. ఆ సమయముననే అనేక కుటుంబములలో ఇల్లాలి మెడలోని గొలుసు కుదువకు పోవుచున్నది. గొలుసు పెట్టుట తప్పని మేము చెప్పము. అది ఎన్ని రూపాయలకొఱకు పోవుచున్నదో తెలియక పెట్టుట మాత్రము తగదు. లెక్క లేక మొదలుపెట్టిన పునాదులు నడుమ నాగి, ఏండ్ల తరబడి తుమ్మచెట్ల నడుమ పడియుండుట మన యూళ్లలో ఎవరికిని క్రొత్త కాదు.

పప్పు ఉప్పుల లెక్క నెలనెల వ్రాసుకొను గృహిణికి ఈ లెక్క కష్టమైనది కాదు. కూడికయు హెచ్చవేతయు వచ్చిన చాలును. ఈ మాసము ఆ లెక్కనే మొదటినుండి చివరివఱకు చేసి చూపుదుము.

నేలను తెలిసికొనుట

లెక్కకు ముందు నేల. ఇంటి ఖర్చును నిర్ణయించునది ప్లానుకంటె ముందుగ ఆ ప్లాను క్రింది మట్టియే. ఎఱ్ఱని గరప నేల, కొన్ని ప్రాంతములలో మొరమని పిలుతురు, గట్టిగ నుండి నాలుగడుగుల లోతులోనే సామాన్యమైన ఇంటి బరువును మోయును. నల్లరేగడి యట్లు కాదు. వానకు ఉబ్బును, ఎండకు క్రుంగి పగుళ్లువాఱును. ఏటేట ఈ ఉబ్బుట క్రుంగుటలతో పైనున్న గోడలను ఎత్తి దించుచుండును. గుంటూరు, ప్రకాశము, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతములలో నివసించు సోదరీమణులకు ఈ నేలను గూర్చి మేము చెప్పవలసిన పని లేదు. ఇవిగాక పూడ్చిన చెఱువు, చెత్తతో మెఱక చేసిన గుంట, పాత బావి మొదలైనవి స్థలములో నున్నవేమో చుట్టుప్రక్కల వృద్ధుల నడిగి తెలిసికొనవలెను.

కావున మేస్త్రితో బేరమాడుటకు ముందే స్థలములో రెండు మూలల యందు మనిషి దిగగలిగినంత గుంటలు, ఐదారడుగుల లోతున, త్రవ్వించి చూడుడు. పైన ఒక మట్టి, రెండడుగుల క్రింద మఱియొక మట్టి యుండుట సామాన్యము. రెండు గుంటలలోను గట్టి పొర ఒకే లోతున తగిలినదా లేదా అన్నది ముఖ్యమైన ప్రశ్న. ఒక మూల మూడడుగులకు, మఱియొక మూల ఆఱడుగులకు తగిలినచో పునాది లెక్క యంతయు మాఱిపోవును.

నేల ఉబ్బునదా కాదా అన్నది ఇంటిలోనే కొంతవఱకు తెలిసికొనవచ్చును. గుంట అడుగునుండి పిడికెడు మట్టి తెచ్చి, బాగుగ నెండబెట్టి, మెత్తగ దంచి, వస్త్రగాళితము చేయుడు. సన్నని నిలువుపాటి గాజు గ్లాసులు రెండు, ఒకే కొలతవి, తీసికొని ఒక్కొక్కదానిలో ఆ పొడిని రెండేసి చెంచాలు పోయుడు. ఒకదానిలో నీరును, రెండవదానిలో కిరసనాయిలును నింపి, పుల్లతో కలియబెట్టి, ఒక దినమంతయు కదలింపక యుంచుడు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు. నీటిలో ఉబ్బు గుణమున్న మట్టి ఉబ్బును. కిరసనాయిలులో ఒక అంగుళ మెత్తు నిలిచిన మట్టి నీటిలో ఒకటిన్నర అంగుళము, అంతకు మించి, నిలిచినచో అది మిక్కిలి ఉబ్బు నేల యని తెలియవలెను. పరీక్షశాలలలో చేయు పద్ధతియు మూలమున నిట్టిదే. అచ్చట కొలతలు ఖచ్చితముగ నుండును. కిరసనాయిలు గ్లాసును పొయ్యికిని పిల్లలకును దూరముగ నుంచుట మఱవరాదు.

ఈ పరీక్ష మనకు హెచ్చరిక మాత్రమే. నేల ఉబ్బునదని తోచినను, గుంటలో నీరూరినను, మీదట అంతస్తులు వేయు తలంపున్నను ఇంజనీరుచేత మట్టి పరీక్ష చేయించి, పునాది ఏ రకమో, ఎంత లోతో వ్రాయించుకొనవలెను. ఇంటి మొత్తపు ఖర్చులో ఆ రుసుము చిన్నది.

ఒక ఇంటి లెక్క

ఇక ఉదాహరణ చూతము. నేల గట్టి గరప. ఒకే అంతస్తు. గోడల నడిమి గీతనుండి నడిమి గీతకు కొలిచిన పొడవు 30 అడుగులు, వెడల్పు 20 అడుగులు. వెడల్పు వెంట ఒక అడ్డుగోడ, 20 అడుగులది, ఇంటిని 18 అడుగుల భాగముగను 12 అడుగుల భాగముగను విడదీయును. ఆ 12 అడుగుల భాగమును మఱియొక 12 అడుగుల గోడ వంటయిల్లు, పడకగది యని రెండు చేయును. ప్రతి గోడ క్రిందను రాతి పునాది.

గోడల నడిమి గీతల పొడవు లన్నియు కూడుడు: 30, 30, 20, 20, 20, 12. మొత్తము 132 అడుగులు. ఈ యొక్క సంఖ్యయే మన లెక్కకు మూలము.

ఇందొక చిన్న మెలకువ గలదు. లోపలి గోడ బయటి గోడను తాకు చోట ఆ కొంచెము భాగము రెండుమాఱులు లెక్కకు వచ్చును. మన యింటిలో అట్టి కలయికలు నాలుగు. ఒక్కొక్క కలయికకు వెడల్పులో సగము తీసివేయవలెను. మూడడుగుల వెడల్పు గోతికి ఒక్కొక్కచోట ఒకటిన్నర చొప్పున 6 అడుగులు తీసివేయగా 126 అడుగులు నిలుచును. కొందఱు గుత్తదారులు ఈ తీసివేత చేయరు. తప్పు చిన్నదే, కాని త్రవ్వకము మొదలు పైవఱకు ప్రతి పనిలోను తిరిగి వచ్చును.

గోతి త్రవ్వకము: 126 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. హెచ్చవేయగా 1,512 ఘనపుటడుగులు.

అడుగున బెడ్డు కాంక్రీటు: అదే పొడవు, అదే వెడల్పు, ఆఱంగుళముల మందము. 189 ఘనపుటడుగులు.

దానిపై రాతి కట్టడము: మొదటి మెట్టు 2 అడుగుల వెడల్పు, ఒక అడుగు తొమ్మిదంగుళముల ఎత్తు. తీసివేత పోను పొడవు 128. అది 448 ఘనపుటడుగులు. రెండవ మెట్టు ఒకటిన్నర అడుగు వెడల్పు. నేల మట్టమువఱకు ఒక అడుగు తొమ్మిదంగుళములు, నేలపైన బేస్‌మెంటు 2 అడుగులు, వెరసి మూడడుగుల తొమ్మిదంగుళముల ఎత్తు. పొడవు 129. అది సుమారు 726. రాతి కట్టడము మొత్తము 1,174 ఘనపుటడుగులు.

ఆపైన ప్లింతు బీము: తొమ్మిదంగుళముల వెడల్పు, తొమ్మిదంగుళముల ఎత్తు. సుమారు 73 ఘనపుటడుగులు. ఇంటి గోడల నన్నిటిని ఒక్క కట్టుగ పట్టియుంచునది ఇదియే. ఖర్చునకు వెఱచి దీనిని విడువరాదు.

మట్టి పూడ్పు: గోతిలో రాయియు కాంక్రీటును పోగా ఇరుప్రక్కల మిగిలిన ఖాళీ 536 ఘనపుటడుగులు. అందు త్రవ్విన మట్టినే పోయవచ్చును. అప్పటికి త్రవ్విన మట్టిలో 976 మిగులును. గదుల లోపలి వైశాల్యము సుమారు 484 చదరపుటడుగులు. నేల గచ్చునకు చోటు విడిచి రెండుంబావు అడుగుల ఎత్తు పూడ్చవలెనన్న 1,089 ఘనపుటడుగుల గట్టి పూడ్పు కావలెను. అనగా కొఱత 113. వదులు మట్టి దిమ్మిస వేసిన పిదప అణగును గావున రెండు ట్రాక్టర్ల గరప తెప్పించిన సరిపోవును. ఇచ్చట ట్రాక్టరనగా 100 ఘనపుటడుగులు, అనగా ఒక యూనిట్, అని తలంచితిమి. త్రవ్వి పోసిన మట్టిగుట్ట గోతికంటె పెద్దదిగ కనబడును. దానిని చూచి మట్టి చాల మిగిలినదని తలచి అమ్మివేయరాదు.

సరకుల పట్టిక

బెడ్డు కాంక్రీటు ఒకపాలు సిమెంటు, నాలుగుపాళ్లు ఇసుక, ఎనిమిదిపాళ్లు కంకర. పొడి సరకు కలిపి నీరు పోసి కుదించినపుడు తగ్గును గావున తడి పరిమాణమును 1.54 చేత హెచ్చవేయుట వాడుక. 189 ఇట్లు 291 అగును. దానిని 13 పాళ్లు చేయగా సిమెంటు సుమారు 22½ ఘనపుటడుగులు. ఏబది కిలోల బస్తా ఇంచుమించు ఒకటింబావు ఘనపుటడుగు. అనగా 18 బస్తాలు, ఇసుక 90, కంకర 180.

రాతి కట్టడములో సుమారు మూడవవంతు సున్నపు స్థానమున సిమెంటు అడుసు పట్టును. ఒకటికి ఆఱు పాళ్లు. దీనికి 55 బస్తాలు, ఇసుక 415. రాయి, కట్టడపు కొలతకు పదవపాలు అధికముగ లెక్కించి, 13 యూనిట్లు.

ప్లింతు బీములో ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్లు. దీనికి 17 బస్తాలు, ఇసుక 31, సన్న కంకర 62. ఇనుము: 12 మిల్లీమీటర్ల చువ్వలు నాలుగు, బీము పొడవునను. చువ్వ బరువు కట్టుటకు సులభసూత్ర మొకటి గలదు. మిల్లీమీటర్ల వ్యాసమును దానితోనే హెచ్చవేసి 162 చేత భాగించిన మీటరునకు ఎన్ని కిలోలో వచ్చును. 12 మిల్లీమీటర్ల చువ్వకు 0.89 కిలో. అతుకులతోను, ఆఱంగుళములకొకటి చొప్పున 8 మిల్లీమీటర్ల రింగులతోను కలిపి సుమారు 250 కిలోలు.

మొత్తము సిమెంటు 90 బస్తాలు. తరుగునకు నూటికి ఐదు చేర్చగా 95.

రూపాయలలో

ధరలు ఊరికి ఊరికి, నెలకు నెలకు మాఱును. క్రింద వేసిన ధరలు లెక్క నేర్చుకొనుటకు మేము కల్పించుకొన్నవి మాత్రమే. మీ యూరి ధరలు మూడుచోట్ల విచారించి వానిని తీసివేసి ఇవి వేసికొనుడని చెప్పము. వీనిని తీసివేసి మీ ధరలు వేసికొనుడు. పరిమాణములు మాత్రము ఈ కొలతల ఇంటికి మాఱవు.

సిమెంటు, 95 బస్తాలు, 350 చొప్పున: రూ. 33,250
ఇసుక, 5½ యూనిట్లు, 4,000 చొప్పున: రూ. 22,000
కంకర, 2½ యూనిట్లు, 4,000 చొప్పున: రూ. 10,000
రాయి, 13 యూనిట్లు, 3,500 చొప్పున: రూ. 45,500
ఇనుము, 250 కిలోలు, 65 చొప్పున: రూ. 16,250
గరప, 2 యూనిట్లు, 2,000 చొప్పున: రూ. 4,000
త్రవ్వకపు కూలి, 1,512 అడుగులు, 12 చొప్పున: రూ. 18,144
బెడ్డు కాంక్రీటు కూలి, 189 అడుగులు, 25 చొప్పున: రూ. 4,725
రాతి కట్టడపు కూలి, 1,174 అడుగులు, 40 చొప్పున: రూ. 46,960
బీము కూలి, చెక్కల అద్దెతో: రూ. 12,000
పూడ్పు, దిమ్మిస, 1,625 అడుగులు, 6 చొప్పున: రూ. 9,750
స్థలము శుభ్రపఱచుట, ముగ్గు పోయుట, నీరు, చెదల మందు: రూ. 10,000

మొత్తము రూ. 2,32,579. అనుకొనని ఖర్చులకు నూటికి పది చేర్చగా ఇంచుమించు రూ. 2,56,000.

చివరి పదవపాలును కొందఱు దండుగ యని కొట్టివేయుదురు. పునాదిలో అది దండుగ కాదు. వాన పడి గోతి గట్టు కూలవచ్చును. గోతిలో పెద్దబండ తగులవచ్చును. ఒక మూల మెత్తని మట్టి కనబడి మఱియొక అడుగు త్రవ్వవలసి రావచ్చును. ఆ ధనము మిగిలినచో గోడలకు పనికివచ్చును.

ఒక్క అడుగు లోతు విలువ

ఈ పట్టిక చేసికొన్నవారికి గొప్ప లాభ మొకటి గలదు. "ఇంకొక అడుగు త్రవ్వవలెనమ్మా" అని మేస్త్రి చెప్పినపుడు ఆ మాట విలువ ఎంతో తెలియును. మన యింటిలో ఒక అడుగు లోతు పెరిగిన త్రవ్వకము 378 ఘనపుటడుగులు, మొదటి మెట్టు రాతి కట్టడము 256 ఘనపుటడుగులు పెరుగును. మన ధరల ప్రకారము రాయి, అడుసు, కూలి అన్నియు కలిపి కట్టడము ఘనపుటడుగునకు సుమారు 109 రూపాయలు పడుచున్నది. కావున ఒక్క అడుగునకు ఇంచుమించు 33,000 రూపాయలు! నేల మెత్తనైనపుడు ఆ అడుగు తప్పక త్రవ్వవలసినదే. గట్టి నేల తగిలిన తరువాతను ఊరక లోతు పెంచుట మాత్రము ధనమును పాతిపెట్టుటయే. కాబట్టి ఆ మాట వచ్చిన దినమున గోతి చెంతకు మీరు స్వయముగ పోయి, గునపముతో నేలను పొడిపించి చూచి, ఇంజనీరు వ్రాసిన లోతుతో సరిపోల్చి ఒప్పుకొనవలెను.

అదే యిల్లు నల్లరేగడిలోనైనచో ఏమగును? త్రవ్విన మట్టి గదుల లోపల పోయుటకు పనికిరాదు. పోసినచో అది ఉబ్బి నేల గచ్చును పైకి లేపును. 1,089 అడుగుల పూడ్పునకును బయటి గరపయే కావలెను. అణగుటను చేర్చగా 14 యూనిట్లు. రెండు యూనిట్ల స్థానమున పదునాలుగు! అచ్చటనే 24,000 పెరిగినవి. నల్లమట్టిని బయటకు తోలించుట వేఱు. గోతి రెండడుగులు లోతైనచో మఱి 66,000. రెండున్నర లక్షల పునాది చూచుచుండగనే మూడున్నర లక్షలగును.

నల్లమట్టి లోతుగ నున్నచోట రాతిపునాదికి మాఱుగ మఱియొక పద్ధతియు గలదు. సామాన్యముగ మూడున్నర మీటర్ల లోతు వఱకు, తేమ మార్పులు అంతగా సోకని చోటికి, సన్నని రంధ్రములు దొలిచి, అడుగున గుమ్మడికాయవలె వెడల్పు చేసి, ఇనుముతో కాంక్రీటు నింపుదురు. వీనిని అండర్‌రీమ్డ్ పైల్సు అందురు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వీనిని మన నల్లరేగడి నేలలకొఱకు అభివృద్ధిపఱచినది. త్రవ్వకమును రాయియు తగ్గును గాని దొలుచు పనిముట్లును నేర్పరులును కావలెను. మీ యూరిలో వారు దొరకుదురేమో విచారించి, రెండు పద్ధతుల ఖర్చును ప్రక్కప్రక్కన వ్రాసి ఎన్నుకొనుడు.

కన్ను వేసి యుండవలసిన చోట్లు

ఒకటి, బేస్‌మెంటు ఎత్తు. ఎత్తును స్థలమునుండి కాక వీథి నడిమిభాగమునుండి కొలువవలెను. రోడ్డు వేసిన ప్రతిమాఱు వీథి పెరుగును, ఇల్లు పెరుగదు. వఱద వచ్చు ఊళ్లలో వెనుకటి వఱద గుర్తును కూడ చూడవలెను. ఎత్తు పెరిగిన కొలది రాయియు గరపయు పెరుగును గావున ముగ్గు పోయుటకు ముందే దీనిని తేల్చుకొనవలెను. ముగ్గు పోసిన దినమున నలుమూలలు సరియైన మూలమట్టముగ నున్నవో లేదో మీరే కొలువవచ్చును. ఒక మూలనుండి ఒక గోడ వెంట 3 అడుగులు, రెండవ గోడ వెంట 4 అడుగులు గుర్తు పెట్టిన, ఆ రెండు గుర్తుల నడుమ సరిగ 5 అడుగులు రావలెను.

రెండు, బండి కొలత. రాయి, ఇసుక, కంకర బండి లెక్కకు కొనరాదు. తొట్టి పొడవు, వెడల్పు, సరకు నిలిచిన ఎత్తు టేపుతో కొలిచి ఘనపుటడుగులు కట్టుడు. తడి ఇసుక పొంగును. కొంచెము తేమ గల సన్న ఇసుక పొడి ఇసుకకంటె నాల్గవపాలు వఱకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, ఎక్కువ చోటు పట్టును. తడి ఇసుకను నిండు కొలతగ కొన్నచో నీటికి వెల యిచ్చినట్లే.

మూడు, కప్పకముందు కొలుచుట. గోతి త్రవ్వగనే, బెడ్డు వేయగనే, మొదటి మెట్టు కట్టగనే కొలిచి పుస్తకములో తేదీతో వ్రాసికొనుడు. టేపు గోతిలో నిలిపి చేతి ఫోనుతో ఛాయాచిత్రము తీసి యుంచుడు. మట్టి కప్పిన మఱునాడు ఈ కొలతలు ఎవ్వరును తీయజాలరు. కూలి డబ్బు ఈ పుస్తకమును చూచియే ఈయవలెను. పనికి ముందుగ ఈయరాదు.

నాలుగు, పూడ్పు. మట్టి నంతయు ఒకేమాఱు గుమ్మరించి పైన నీరు విడిచిన చాలునని చెప్పుదురు. అది చాలదు. ఆఱు మొదలు ఎనిమిదంగుళముల పొరగ పోసి, నీరు చల్లి, దిమ్మిసతో అణగగొట్టి, పిదప రెండవ పొర పోయవలెను. ఇట్లు చేయని ఇండ్లలో నేల గచ్చు నడుమ క్రుంగి, అల్మరా వంగి, కడిగిన నీరు గది నడుమ నిలుచును. గోడ మంచిదైనను నేల చెడును. చెదల మందు పోయవలసినదియు ఈ పూడ్పు దశలోనే. మరుగుదొడ్డి గొట్టములకు, నీటి గొట్టములకు రంధ్రములు విడువవలసినదియు రాయి కట్టునపుడే. తరువాత పగులగొట్టుట రెట్టింపు ఖర్చు.

ఐదు, తడుపుట. సిమెంటు పనికి నీరే పాలు. రాతి కట్టడమును బీమును కనీసము ఏడు దినములు, మండు వేసవిలోను, బూడిద కలిసిన సిమెంటు వాడినపుడును పది దినములు, తడి ఆఱకుండ చూడవలెను. గోనెసంచులు కప్పి ఉదయము సాయంకాలము నీరు చల్లుట ఇంటివారు చేసికొనగల పని. దీనికి మేస్త్రిపై ఆధారపడనేల?

గుత్త మాట

అడుగు లెక్కకు ఇల్లు మొత్తము గుత్తకిచ్చువారు ఒక్క ప్రశ్న అడుగవలెను: "ఈ ధరలో పునాది ఎంత లోతువఱకు, బేస్‌మెంటు ఎంత ఎత్తువఱకు కలిసియున్నది?" అనేకచోట్ల గుత్తధరలో మూడు నాలుగడుగుల లోతే తలంచి, అంతకు మించినదానికి వేఱుగ అడుగుదురు. ఆ వేఱు ధర ఎంతయో, పూడ్పు మట్టి ఎవరిదో, నీరు ఎవరిదో కాగితముపై వ్రాయించి సంతకము చేయించుకొనుడు. అన్నదమ్ములవంటి మేస్త్రియైనను కాగితముండుట ఇరువురకును మంచిది. మాట మఱచుటకు చోటుండదు, మనస్పర్థకును చోటుండదు.

చివరిగ ఒక మాట. ఈ లెక్క వ్రాసిన కాగితమును చేతబట్టుకొని, పునాదికి కావలసిన పూర్తి మొత్తము సిద్ధముగ నున్నదో లేదో ఇంటివారితో కూర్చుండి చూడుడు. లేనిచో రెండే మార్గములు: ఇంటి కొలత తగ్గించుట, లేక మఱికొన్ని నెలలు కూడబెట్టుట. మన ఉదాహరణలోని 12 అడుగుల లోపలి గోడను పునాది లేక పలుచని అడ్డుగోడగ మార్చుకొన్నను కొంత ధనము మిగులును. కాని పైకప్పు బరువు దానిపై పడదని ఇంజనీరు చెప్పినపుడే అట్లు చేయవలెను. లోతు తగ్గించుట, బీము విడుచుట, సిమెంటు పాలు తగ్గించుట మాత్రము పొదుపు కాదు. నగ కుదువబెట్టవలసి వచ్చినను, అది విడిపించు దినమును విడతసొమ్ము వచ్చు దినమునకు ముడివేసి, ఆ తేదీని కూడ అదే పుస్తకములో వ్రాయుడు. వ్రాసిన అప్పు తీరును. వ్రాయని అప్పు పెరుగును.

వచ్చు మాసము ఇటుక గోడల లెక్క.